సాలెగూడు, బీరువా, మా వదిన

జూన్ 2

ఇది కాగితం మీద రాస్తున్నాను. ఫోన్లో రాస్తే వదిన చదువుతుంది. చదివి ఊరుకోదు, అచ్చుతప్పులు దిద్ది పెడుతుంది. బతుకంతా పత్రికాఫీసులో ఇతరుల రాతలు దిద్దిన చెయ్యి మరి.

ఆవిడ నిన్న సాయంత్రం దిగింది. రెండు వారాలుంటానంది. రెండు వారాలకి అంతంత సూట్‌కేసులు దేనికని ఈయన అక్కగారిని అడగబోయాడు. నేను కాలు తొక్కాను, బాగున్న కాలితో.

బాగోలేని కాలికి పట్టీ ఇంకా ఉంది. నిచ్చెన మీద నుంచి పడ్డప్పటి నుంచీ ఇంటికొచ్చిన వాళ్ళంతా నాతో గట్టిగట్టిగా మాట్లాడుతున్నారు, దెబ్బ మోకాలికి కాక చెవికి తగిలినట్టు. ఇన్నాళ్ళూ జనం ఇళ్ళకు వెళ్ళి, గోడలు తట్టి, చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చెప్పడం నా పని. చెమ్మ డాక్టరంటారు నన్ను. ఇప్పుడు గోడలు తట్టే యోగం లేదు కాబట్టి వాటి మీద పుస్తకం రాస్తానని ప్రచురణకర్తకు మాటిచ్చేశాను. ఇల్లున్న ప్రతివాళ్ళకీ అర్థమయ్యేలా, చెమ్మ గురించి. నాకు గోడలు తెలుసు, వదినకు వాక్యాలు తెలుసు. ఇద్దరం కలిసి రాస్తాం. ఆగస్టు పదిహేనుకల్లా ఇవ్వాలి.

బోలెడు సమయముంది.

జూన్ 4

ఇంకా మొదలుపెట్టనిది సరుకు లేక కాదు. వెళ్ళిన ప్రతి ఇంటి గురించీ ఏదో ఒకటి రాసి పెట్టుకున్నాను. కొన్ని ఫోన్లో, కొన్ని నాకు నేనే పంపుకున్న మెసేజిల్లో, కొన్ని ఆటోలో కూర్చుని చెప్పుకున్న గొంతు రికార్డుల్లో. ఒకటి విన్నాను: "పడగ్గది, ఉత్తరపు గోడ. మంచం జరిపించాను. వెనక నల్లగా బూజు. ఇంటావిడ మంచం మళ్ళీ అక్కడే పెట్టించింది." మంచి ఉదాహరణ. ఏ ఇల్లో గుర్తు లేదు.

ముందు ఇవన్నీ ఒకచోట చేర్చాలి. చేర్చకుండా రాయడం మొదలుపెట్టడం బుద్ధి తక్కువ పని. కాబట్టి ముందు యాప్.

జూన్ 5

ఏ యాప్ మంచిదో చెప్పే వీడియోలు చూశాను. పొద్దున మొదలుపెడితే ఈయన ఫోన్ టవర్ల పని ముగించుకుని ఇంటికొచ్చేదాకా సరిపోయింది. చెప్పేవాళ్ళందరి వెనకా ఒకే రకం మొక్క, ఒకే రకం దీపం. ఒక్కొక్కరి దగ్గరా వేలకు వేలు నోట్సులున్నాయి. తీరా చూస్తే అవన్నీ నోట్సు ఎలా రాసుకోవాలన్న దాని గురించే. నవ్వుకున్నాను. ఇంకో నాలుగు చూశాను.

జూన్ 7

తేల్చేశాను. దీని అసలు పేరు నోరు తిరగదు, నేను బీరువా అంటున్నాను. అరలు, అరల్లో అరలు. చెమ్మ పై నుంచి వచ్చేది ఒక అర, కింద నుంచి పాకేది ఒక అర, పక్క నుంచి, లోపలి నుంచి. చూస్తుంటే కడుపు నిండిపోయింది. రేపటి నుంచి రాయడమే.

జూన్ 8

వదిన వేరే యాప్ తెచ్చింది.

జూన్ 9

ఆవిడ యాప్‌లో అరలుండవు. ఒక నోట్సుకి ఇంకో నోట్సుని దారం కట్టినట్టు కడుతూ పోవడమే. మొత్తం చూపించమంటే తెర నిండా చుక్కలూ గీతలూ వస్తాయి. నేను సాలెగూడని పేరు పెట్టాను. ఆవిడ ఏమీ అనుకోలేదు, సాలెగూడులో ఏదైనా చిక్కుతుంది కానీ బీరువాలో పెట్టింది ఎవరికి దొరికిందని అడిగింది.

మధ్యాహ్నమంతా వాదన. ఆవిడ చెప్పేదేమిటంటే, "నీ పుస్తకం కొనేవాడికి చెమ్మ ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే పుస్తకం దేనికి కొంటాడమ్మాయ్? వాడికి కనబడేది మంచం వెనక మచ్చ. నువ్వు మచ్చ దగ్గర మొదలుపెట్టాలి." మచ్చ దగ్గర మొదలుపెట్టిన వాళ్ళంతా దాని మీద రంగేసి ఊరుకున్న వాళ్ళేనని నేనన్నాను. ఈయన మధ్యలో టీ ఇచ్చి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయాడు.

జూన్ 10

వదిన చెప్పినదాంట్లో కొంత నిజముంది. ఆవిడకు చెప్పలేదు.

జూన్ 13

రాజీ కుదిరింది. మూడో యాప్ పెట్టుకున్నాం. పేరు చిత్తుబుట్ట. తోచినవన్నీ ముందు అందులో పడేస్తాం. అక్కడి నుంచి నేను బీరువాలోకి, ఆవిడ సాలెగూడులోకి తీసుకుంటాం. ఎవరి వంట వాళ్ళది, కూరగాయల బుట్ట ఒక్కటే అన్నమాట. ఒక్క యాప్‌తో పని జరగదని, పెద్ద పెద్ద వాళ్ళంతా మూడు కలిపి వాడతారని వీడియోలో కూడా చెప్పారు.

పుస్తకం ఇంకా మొదలు కాలేదు గానీ, చాలా దూరం వచ్చామనిపిస్తోంది.

జూన్ 16

రెండు వారాలూ అయిపోయాయి. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. భోజనాల దగ్గర ఈయనే, ఆవిడ ఫ్లాట్లో మొక్కలకి నీళ్ళెవరు పోస్తున్నారని అక్కగారిని అడిగాడు. అవి ప్లాస్టిక్ మొక్కలని చెప్పి వదిన ఇంకాస్త పెరుగు వేసుకుంది.

జూన్ 21

వదిన స్నానానికి వెళ్ళినప్పుడు చిత్తుబుట్టలోని నోట్సులు యాభై దాకా గబగబా నా అరల్లో సర్దేశాను. న్యాయంగా చూస్తే అవి నావే. నా గోడలు, నా గొంతు.

జూన్ 22

నేను ఫిజియోథెరపీ దగ్గర కాళ్ళు ఆడిస్తుండగా ఆవిడ వాటన్నిటినీ వెనక్కి లాక్కుని సాలెగూడులో కట్టేసుకుంది. ఒక్కోదానికి ఒక్కో చీటీ కూడా అంటించింది. మంచం మళ్ళీ అక్కడే పెట్టించిన ఆవిడకి 'మొండి ఇంటావిడలు' అని. బాగుందనిపించి ఇంకా ఏ చీటీలున్నాయో చూశాను. 'మొండి రచయిత్రులు' అని ఒకటుంది. అందులో ఉన్నవన్నీ నేను రాసినవే.

బదులుగా నా బీరువాలో 'ఇంటికి వచ్చి కదలని చెమ్మ' అని ఒక అర తెరిచాను. ఆవిడ చూసింది. చూసినట్టు కనబడలేదు గానీ, కాఫీలో పంచదార వెయ్యలేదు.

జూన్ 23

ఆ అర తీసేశాను. బాగోలేదు.

జూన్ 29

వదినకు ఫోన్ వచ్చింది. ఆవిడతో పాతికేళ్ళు ఒకే ఫ్లాట్లో ఉన్న నర్సమ్మ. పెళ్ళీ పెటాకులూ లేని ఇద్దరూ ఒకరికొకరు తోడుగా ఉండిపోయారనుకున్నాం అందరం. మార్చిలో నర్సమ్మ, తను పనిచేసే ఆసుపత్రి వార్డులో ఎముక విరిగి చేరిన ఒక పెద్దమనిషిని చేసుకుని వెళ్ళిపోయింది. యాభై నాలుగేళ్ళ వయసులో. వదిన పెళ్ళికి వెళ్ళింది, మంచి చీర పెట్టింది, ఇంటికొచ్చింది. ఆ తర్వాత ఆ పెద్దమనిషి పేరు ఆవిడ నోట మేం వినలేదు.

ఫోన్లో బాగా నవ్వుతూ మాట్లాడింది. చాలా బిజీగా ఉన్నానని, పుస్తకం పనిలో ఊపిరాడ్డం లేదని చెప్పింది. పెట్టేశాక చాలాసేపు సాలెగూడులో చుక్కల్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చుంది. ఏదీ దేనికీ కట్టలేదు.

జూలై 6

ఇది వివరంగా రాయాలి.

మా గొడవ వినలేక ఈయన మధ్యవర్తిత్వానికి దిగాడు. ఫోన్ టవర్ల మీద పనిచేసే మనిషి, తీగలు కలపడం తనకు తెలుసన్న ధీమా. బీరువాకీ సాలెగూడుకీ మధ్య వంతెన వేస్తానన్నాడు. నేను బీరువాలో ఏది పెట్టినా అది సాలెగూడులో దానంతటదే వెళ్ళి కూర్చుంటుంది, ఆవిడ సాలెగూడులో కట్టింది నా బీరువాలోకి వస్తుంది. ఎవరి యాప్ వాళ్ళది, సరుకు ఇద్దరిదీ. అంత తెలివైన ఆలోచన ఈయనకు ఎలా వచ్చిందా అని నేనూ వదినా మొహాలు చూసుకున్నాం. ఈ నెలరోజుల్లో మేమిద్దరం ఒక మాట మీద నిలబడ్డది అప్పుడే.

భోజనానికి ముందు వంతెన వేశాడు. వడ్డించుకుని తింటుండగా నా ఫోన్ మోగింది. ఆవిడదీ మోగింది. మళ్ళీ నాది. ఏదో పని జరుగుతోందని ఈయన సంతోషించాడు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి రెండు ఫోన్లూ కాలిపోతున్నాయి.

జరిగిందేమిటంటే, నా నోట్సు ఆవిడ దగ్గరికి వెళ్ళింది. సాలెగూడు దాన్ని కొత్త నోట్సనుకుని నాకు పంపింది. బీరువా అది ఇంకో కొత్తదనుకుని నకలు తీసి తిరిగి పంపింది. అలా రెండూ పోటీలు పడి ఇచ్చిపుచ్చుకుంటూ పోయాయి. చేతులు కడుక్కుని వచ్చేసరికి పద్దెనిమిది వేల నోట్సులు. మొండి ఇంటావిడ. మొండి ఇంటావిడ నకలు. మొండి ఇంటావిడ నకలు నకలు. మొండి ఇంటావిడ నకలు నకలు నకలు. ఒక్క మంచం కోసం ఊరు ఊరంతా కదిలి వచ్చినట్టుంది.

ఈయన ఆపడానికి చూశాడు. ఆపబోతే చిత్తుబుట్ట కూడా వచ్చి కలిసింది. ఆఖరికి ఇంట్లో వైఫై పెట్టె తీగ పీకేశాడు.

అప్పుడు వదిన నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టి మరీ నవ్వింది. మార్చి తర్వాత ఆవిడ అలా నవ్వడం చూడలేదని ఈయన తర్వాత అన్నాడు. నేను కోపంగా ఉందామనుకున్నాను. కుదరలేదు.

జూలై 7

అసలువి ఎక్కడో ఉన్నాయి. నకళ్ళ మధ్య వాటిని వెతకడానికి ఇంకో జన్మ ఎత్తాలి. ఇక ప్రచురణకర్తకు ఫోన్ చేసి పుస్తకం లేదని చెప్పడమే.

చెయ్యలేదు.

జూలై 8

పొద్దున్నే వదిన లాప్‌టాప్‌లో ఒక ఉత్త ఫైలు తెరిచింది. అరల్లేవు, దారాల్లేవు. తెల్లటి పేజీ. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కాలు స్టూలు మీద పెట్టించి, "నీకు గుర్తున్నది చెప్పు. గుర్తులేనిది ఎవరికీ అక్కర్లేదు" అంది.

చెప్పాను. ఆ నల్లమచ్చ ఇల్లు ఎక్కడిదో కూడా గుర్తొచ్చింది. బడి వెనక సందులో, మెట్ల కింద సైకిలుండే ఇల్లు. చెబుతుంటే గోడ చేతికి తగిలినట్టే ఉంది. పైపైన తడితే బోలుగా మోగే ప్లాస్టరింగు, గోరు పెడితే పొడిగా రాలే ఉప్పు. ఆవిడ అడ్డు తగులుతూనే ఉంది. 'బోలుగా' అంటే ఎలా, కుండ మోగినట్టా, తలుపు మోగినట్టా? నాకెప్పుడూ ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. బాగా ఆలోచించి, బాగా పండిన పుచ్చకాయలా అన్నాను. వెంటనే టైపు కొట్టింది.

సాయంత్రానికి మొదటి అధ్యాయం అయిపోయింది. మచ్చ దగ్గరే మొదలుపెట్టాం.

జూలై 19

ఆరు అధ్యాయాలు. వంటింటి గోడ, స్లాబు మీద నీళ్ళ ట్యాంకు, పక్కింటివాళ్ళ కుళాయి, అన్నీ వచ్చేశాయి. ఇలా పోతే నెలాఖరుకే ముగుస్తుంది. గడువు కంటే ముందే.

జూలై 20

ఇవాళ రాయలేదు. ఇద్దరికీ కాస్త తలనొప్పి.

జూలై 24

వదిన ఆలోచనలో పడింది. ఇన్ని అధ్యాయాలు ఉత్త ఫైల్లో ఉంటే ఏది ఎక్కడ చెప్పామో తెలియదట. మళ్ళీ సాలెగూడులో కడదామంది. నిజమే అనిపించింది. సాలెగూడు వద్దు, బీరువా అన్నాను. హాయిగా మధ్యాహ్నమంతా వాదించుకున్నాం.

జూలై 30

మోకాలి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఒక్కదాన్నే వెళ్ళాను. ఇంటికొచ్చి, ఇంకో నెల పనిలోకి వెళ్ళకూడదన్నాడని చెప్పాను. ఆయన సరిగ్గా ఆ మాట అనలేదు. పట్టీ తీసి, నడిపించి, మెట్లు ఎక్కించి చూసి, బాగుంది, నిచ్చెన కూడా ఎక్కొచ్చన్నాడు. కానీ అనేటప్పుడు మొహం అదోలా పెట్టాడు. ఆ మొహం చూస్తే నెల అన్నట్టే ఉంది.

ఏమైనా పుస్తకం పూర్తి కాకుండా పనిలోకి ఎలా వెళ్తాను?

ఆగస్టు 6

తొమ్మిదో అధ్యాయం నిన్న ముగించాం. ఇవాళ తెరిస్తే ముగిసి లేదు. ఆఖరి మూడు పేజీలు చిందరవందరగా ఉన్నాయి. ఫైలు పాడయినట్టుందని వదిన చెప్పింది. అయ్యుంటుంది.

ఆగస్టు 11

మళ్ళీ పాడయింది.

ఆగస్టు 12

ఫైల్లో ఎవరు ఏ మార్పు చేశారో చూపించే చోటుంది. ఈయన చూపించాడు. చూశాను. మధ్యాహ్నం నేను కునుకు తీసే వేళకి వదిన కూర్చుని, పొద్దున రాసింది ఒక్కొక్క పేరానే విప్పుతోంది. అడగలేదు. పెద్దావిడ, దిద్దే అలవాటు. ఒక చేత్తో రాసింది ఇంకో చేత్తో సరిచెయ్యకపోతే నిద్ర పట్టదేమో.

పైగా నాకేం తొందర? డాక్టరు నెల అన్నాడుగా.

ఆగస్టు 20

నేను ఫోన్ ఎత్తడం లేదని ప్రచురణకర్త ఈయనకు చేశాడు. శుక్రవారం లోపు పుస్తకం రాకపోతే మా వంతు వేరే పుస్తకానికి ఇచ్చేస్తాడట. మొక్కల పెంపకం మీద ఏదో ఉందట సిద్ధంగా. ఈయన ఆ మాట చెప్పి, మా ఇద్దరినీ మార్చిమార్చి చూసి, "మీరిద్దరూ అసలు దీన్ని ముగించాలనుకుంటున్నారా" అని అడిగాడు. మామూలుగా అడిగాడు, దెప్పినట్టు కాదు. డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయాడు.

ఇద్దరం మిగిలాం. నేనే మొదలుపెట్టాను. పేరాలు విప్పుతున్నది చూశానని చెప్పాను. ఎందుకు వదినా అని అడిగాను.

వదిన కాసేపు టేబుల్ మీద గీతని గోటితో గీకింది. "అది అయిపోతే నేను బట్టలు సర్దుకోవాలి" అంది. "తలుపు తీస్తే ఇల్లంతా ఎలా వదిలివెళ్ళానో అలాగే ఉంటుంది. ఒక్క చెంచా కూడా ఎవరూ కదిపి ఉండరు. అది చూడాలంటే చేతకావడం లేదమ్మాయ్."

కుర్చీ ఆవిడ దగ్గరికి జరుపుకున్నాను.

"మరి నీ సంగతి?" అంది. "డాక్టరు నెల అన్నాడా?"

అనలేదని చెప్పాను. నిచ్చెన తలుచుకుంటే అరికాళ్ళు చల్లబడుతున్నాయని, ఇంట్లో అది నిలబెట్టి ఉన్న వైపు కూడా వెళ్ళడం లేదని, రెండో మెట్టు మీద నుంచే మళ్ళీ పడిపోతాననిపిస్తోందని చెప్పాను. ఇది ఈయనకు కూడా చెప్పని మాట. ఇక్కడ కూడా రాయలేదు ఇంతవరకూ.

వదిన తల ఊపింది. ఓదార్చలేదు, అది ఆవిడ వల్ల కాదు. "ఇద్దరికి ఇద్దరం సరిపోయాం" అని లాప్‌టాప్ తెరిచింది.

ఆగస్టు 22

పొద్దున పంపేశాం. ఆఖరి వాక్యం ఎవరు రాయాలని కొంచెం పేచీ పడ్డాం. ఆవిడ రాసింది. నేను ఒక కామా తీసేశాను.

ఆగస్టు 25

సూట్‌కేసులు తెరిచి ఉన్నాయి. చీరలు మడిచినవే మళ్ళీ మడుస్తోంది.

ఆగస్టు 27

ఒక కొత్త అపార్టుమెంటు నుంచి ఫోన్. కొనబోయే ముందు చూసి చెప్పమన్నారు. వస్తానన్నాను. నోటి నుంచి వచ్చేసింది. వదిన చీర అక్కడే పడేసి తనూ వస్తానంది.

ఖాళీ ఇల్లు, ఇంకా రంగు వాసన. హాల్లో పైన మూలకి ఒక చిన్న మచ్చ. నిచ్చెన ఎక్కకుండా చెప్పేయొచ్చా అని చాలాసేపు చూశాను. చెప్పేయలేను. వదిన రెండు చేతులతో నిచ్చెన పట్టుకుంది, పైగా ఒక కాలు దాని అడుగున అడ్డం పెట్టింది. మొదటి మెట్టు. రెండో మెట్టు దగ్గర ఆగిపోయాను. మోకాలు కాదు, గుండె. వదిన పైకి చూడలేదు. ఆ మచ్చకి నువ్వయితే ఏ చీటీ అంటిస్తావని అడిగింది. పై నుంచి వచ్చే చెమ్మ అన్నాను. పక్క నుంచి కాదని గ్యారంటీ ఏమిటంది. ఎలా అవుతుంది వదినా, పక్కన మెట్ల దారి ఉంది, పైపుల్లేవు కదా అని వివరిస్తూ వివరిస్తూ చూస్తే స్లాబు నా చేతికి అందుతోంది.

తట్టాను. పండిన పుచ్చకాయ.

అక్కడి నుంచే, గోడ వైపు తిరిగి అన్నాను: "వదినా, మీ ఫ్లాట్ అద్దెకిచ్చెయ్యండి. మా దగ్గరే ఉండిపోండి."

నిచ్చెన కొంచెం వణికింది. "ముందు దిగు" అంది. "ఇలాంటి మాటలు నేల మీద నిలబడి చెప్పాలి."

దిగాను. నేల మీద నిలబడి మళ్ళీ చెప్పాను. ఈయనను అడిగావా అంది. పుస్తకం పంపిన రోజే ఆయన నన్ను అడిగాడని, అక్కను ఆపే ఉపాయం చూడమన్నాడని చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. మళ్ళీ తీసి తుడుచుకుంది.

"అయితే ఒకటి చెప్పాలి. నా గదిలో, మంచం తలవైపు గోడ చెమ్మెక్కింది. వచ్చిన వారానికే చూశాను. దిండు కూడా చల్లగా ఉంటోంది."

చెమ్మ డాక్టరు ఇంట్లో, చెమ్మ మీద పుస్తకం రాస్తున్న వానాకాలమంతా. ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే గది ఖాళీ చేయించి బాగుచేస్తావు కదా. గది ఖాళీ చేస్తే నేనెక్కడికి పోవాలి?"

ఆగస్టు 28

మంచం జరిపి చూశాను. నిజమే. పక్క నుంచి. బాత్రూమ్ పైపు.

సెప్టెంబరు 3

వదిన ఫ్లాట్లోకి కొత్త జంట ఒకటో తారీఖునే దిగింది. ఆవిడ చెంచాలతో సహా అప్పగించి వచ్చింది.

ఇక్కడ గోడ సగం తవ్వి ఉంది. ఆవిడ మంచం హాల్లోకి వచ్చింది, మేం దాని చుట్టూ తిరుగుతూ నడుస్తున్నాం. మేస్త్రీ టీ తాగడానికి కూర్చున్న ప్రతిసారీ వదిన వెళ్ళి, ఇంకా ఎంతసేపు, నా గది నాకు ఎప్పుడిస్తావని అతని ప్రాణం తీస్తోంది. జూన్ నుంచీ చూస్తున్నాను, ఆవిడ ఒక పని త్వరగా ముగించమనడం వినడం ఇదే మొదలు.